పుట్టి ముంచడం ఎలా?

ఆల్మట్టి నిండి, నారాయణపూర్ గేట్లు ఎత్తారంటే ఇక అమరచింత మండలం నందిమల్ల దగ్గర జాతరే. ఇవతలి ఒడ్డున నందిమల్ల, అవతలి ఒడ్డున ధరూరు మండలం రేవులపల్లి, మధ్యలో జూరాల ఆనకట్ట. కర్నూలు, మహబూబ్‌నగర్, రాయచూరు బండ్లన్నీ అక్కడే. జనం గేట్ల కింద నురగ చూస్తారు, ఫోన్లో పట్టుకుంటారు, చేపల ఫ్రై తింటారు. తిన్నాక ఏం చెయ్యాలో తోచదు. అక్కడే మీ అవసరం పడుతుంది.

ఆనకట్టకు ఎగువన అంత నీళ్ళు ఊరికే పడి ఉన్నాయి. వాటిమీద మనుషుల్ని తిప్పి నాలుగు రాళ్ళు వెనకేసుకోవడానికి ఈత రానక్కర్లేదు, నది తెలియనక్కర్లేదు, తెడ్డు పట్టడం కూడా అంతంతమాత్రంగా వస్తే చాలు. ఒక పుట్టి, ఒక క్యూఆర్ కోడ్ అట్ట, కాస్త నోరు ఉండాలి. ఈ కింది చిట్కాలు వరసగా పాటించండి. పెట్టుబడి తక్కువ, శ్రమ తక్కువ, తిరుగు ప్రయాణాలు కూడా తక్కువ.

1. పడవను ఒడ్డునే పరీక్షించండి

పొద్దున్నే, గాలి లేనప్పుడు, మోకాటిలోతు నీళ్ళలో పుట్టిని వదిలి కాలు పెట్టండి. కదలదు. ఇంకో కాలు పెట్టండి. అరుగు మీద నిలబడ్డట్టే ఉంటుంది. ఇప్పుడు సముద్రంలో తిప్పే కయాక్ ఒకటి దొరికితే అందులో కూర్చోండి. పొడవు పదహారు, పద్దెనిమిది అడుగులు. వెడల్పు రెండడుగులు ఉంటే గొప్ప. కూర్చోగానే కింద ఏదో జారుతున్నట్టు గుండె ఝల్లుమంటుంది. ఈ రెండింటిలో ఏది మంచిదో పసిపిల్లాడైనా చెప్తాడు. పసిపిల్లాడి మాటే వినండి.

పడవల సంగతి తెలిసినవాళ్ళు అడ్డం పడతారు. వెడల్పాటి చదును అడుగు నీటిమట్టాన్ని కరుచుకుని ఉంటుందంటారు. పొడవు మార్చకుండా వెడల్పు రెట్టింపు చేస్తే పక్కకు ఒరగనివ్వని పట్టు ఎనిమిది రెట్లవుతుందట. నీళ్ళు సమంగా ఉన్నంతసేపు అది వరమే. అల వచ్చిందంటే నీటిమట్టమే ఏటవాలవుతుంది. చదును అడుగు ఆ వాలును కూడా అంతే గట్టిగా కరుచుకుని, లోపలున్న మనుషుల్ని వాలులోకి వంచుతుందట. పొట్ట గుండ్రంగా ఉన్న సన్నటి కయాక్ కింద నుంచి అల జారిపోతుంది. అందులో కూర్చున్నవాడు నడుము సడలిస్తే ఒళ్ళు నిటారుగానే ఉంటుంది. పైగా దాని పక్కలు పైకి పోయేకొద్దీ విచ్చుకుని ఉంటాయి కాబట్టి, ఒరిగేకొద్దీ కొంతదాకా ఎదురు నిలుస్తుంది. చదును అడుగు మొదట్లో అసలు కదలదు, హద్దు దాటాక అసలు ఆగదు.

సరే, కావచ్చు. కానీ అదంతా నడి నీళ్ళలో సంగతి. టికెట్టు అమ్మేది ఒడ్డున. కొనేవాడికి ఒడ్డున ఊగకపోతే చాలు.

2. తయారీలో తొందరపడండి

పుట్టి అల్లడం చూస్తే మీకే తెలుస్తుంది, అందులో సగం పని దండగ అని. వెదురును బద్దలుగా చీల్చి, నేలమీద అడ్డంగా నిలువుగా పరిచి, నడిమి నుంచి అల్లుకుంటూ పోయి, చివర్లు పైకి వంచి, అంచు చుట్టూ బద్దలు దట్టంగా బిగించి కడతారు. ఆ అంచే పుట్టికి ప్రాణం అని పాతవాళ్ళ నమ్మకం. అది సడలితే చట్రమంతా సడలుతుంది, అడుగు ఆకారం పోతుంది. వెనకట ఎద్దుతోలు తొడిగేవాళ్ళు. ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా, యూరియా సంచులు కుట్టి, పైన కాగిన తారు పూస్తున్నారు. తారు ఒక పూత వేసి, ఆరనిచ్చి, బొక్కలు వెతికి, మళ్ళీ పూస్తారు.

ఒక్క పూత చాలు. రెండోదానికి పెట్టే తారు డబ్బులతో ఫ్లెక్సీ కొట్టించండి. ఫ్లెక్సీ మీద స్థానిక నాయకుల ఫొటోలు వయసు ప్రకారం కాకుండా పలుకుబడి ప్రకారం పెద్దవి చెయ్యండి. దాన్ని చూశాక అనుమతి కాగితాలు అడిగే ధైర్యం ఎవడికీ ఉండదు.

ఇక్కడో ముచ్చట. ఈ కయాక్ అనేదాన్ని కనిపెట్టింది ఉత్తర ధ్రువం పక్కనున్న ఇన్యూయిట్ వేటగాళ్ళు. అక్కడ చెట్లు లేవు. సముద్రంలో కొట్టుకొచ్చిన కట్టెతోనూ ఎముకతోనూ చట్రం కట్టి, సీలు తోలు తొడిగేవాళ్ళు. అంటే చట్రం, తోలు, కుట్టు, అంతా మన పుట్టి లెక్కే. ఆకారం మాత్రం పూర్తిగా ఎదురు. ఎవరి పడవ వాళ్ళ ఒంటి కొలతకు కట్టుకునేవాళ్ళు. తొడలు పట్టేంత బిగువు. బోర్లా పడితే లోపలే కూర్చుని, తెడ్డు ఒక్క ఊపు ఊపి మళ్ళీ పైకి లేచేవాళ్ళు. దానికోసం చిన్నప్పటి నుంచి సాధన. ఆ చలి నీళ్ళలో ఈదుతూ ఎక్కువసేపు బతకరు కాబట్టి తప్పలేదు పాపం. మనకు ఆ కష్టం దేనికి? కృష్ణ నీళ్ళు వెచ్చగా ఉంటాయి. కాబట్టి సాధన మానెయ్యండి.

3. ముందేదో వెనకేదో పట్టించుకోకండి

పుట్టిలోని గొప్ప సుఖం ఇదే. దానికి ముక్కు లేదు, తోక లేదు. ఎటు చూసినా ఒకటే. కయాక్ అయితే అడుగున పొడుగూతా సన్నటి గీరలాంటిది ఉండి దాన్ని తిన్నగా నడిపిస్తుంది. పుట్టికి అలాంటిదేం లేదు కాబట్టి తెడ్డు ఒకపక్క వేస్తే అక్కడే గిరగిరా తిరుగుతుంది.

తెలిసిన పుట్టివాడు ఏం చేస్తాడంటే, పోవలసిన దిక్కుకు తిరిగి, అంచు దగ్గర బరువు దించి కూర్చుని, తెడ్డును ముందుకు చాచి నీళ్ళను తనవైపు లాక్కుంటాడు. కాస్త ఎడమకు, కాస్త కుడికి, మెలి తిప్పుతూ. పుట్టి ముందుకు నడుస్తుంది. చూడ్డానికి ఏమీ లేనట్టుంటుంది, చేస్తే భుజాలు పడిపోతాయి. మీరు చెయ్యకండి. గిరగిరా తిప్పండి. హొగెనకల్‌లోనూ, హంపి దగ్గరా ఇలా తిప్పడం ఒక వేడుక. తిప్పుతున్నంతసేపు పిల్లలు కేకలేస్తారు, పెద్దలు కళ్ళు మూసుకుంటారు. కళ్ళు తెరిచాక ఒడ్డు ఎటుందో వాళ్ళకూ తెలియదు, మీకూ తెలియదు. ఇద్దరూ సమానమే అయినప్పుడు మిమ్మల్ని తప్పుపట్టేదెవరు?

వంద రూపాయలు అదనంగా తీసుకోండి. పేరు “స్పెషల్ రౌండు”.

4. ఎక్కినంతమందిని ఎక్కించండి

ఈ చిట్కా దగ్గర కాస్త ఎక్కువసేపు కూర్చుందాం. లాభం ఉన్నదే ఇక్కడ.

పుట్టి అంచుకూ నీటికీ మధ్య ఖాళీ చూడండి. మూరెడు ఉందా? మూరెడు చోటు వృథా. అది జానెడు అయ్యేదాకా ఎక్కించండి. జానెడు ఎత్తు అల వస్తే లోపలికి వస్తుంది గదా అని ఎవరైనా అడిగితే, “ఇది చెరువు లెక్క నీళ్ళన్నా, అలలెక్కడివి?” అనండి.

తర్వాత బరువు ఎక్కడుండాలన్నది. బరువు ఎంత కిందికుంటే పుట్టికి అంత నిలకడ. అందుకే పాతవాళ్ళు జనాన్ని అడుగున చతికిలబడమంటారు, చుట్టూ సమంగా సర్దుతారు, మధ్యలో లేచి నిలబడితే తిడతారు. తిట్లు తింటే గిరాకీ మళ్ళీ రాదు. మీరు నిలబడనివ్వండి. నిలబడితే ఇంకా ఎక్కువమంది పడతారు. సెల్ఫీలో గేట్లు బాగా పడతాయి. గేట్లు కనిపించేది ఒకవైపే కాబట్టి అందరూ ఒకవైపుకే చేరతారు. చేరనివ్వండి, ఫొటో నిండుగా వస్తుంది.

మోటార్‌సైకిల్ ఎక్కిస్తామంటే కాదనకండి. కృష్ణ దాటే పుట్టిల్లో బండ్లు ఎక్కించడం ఎప్పటి నుంచో ఉన్నదే. దాన్ని పడుకోబెడితే సీటు మీద ఇద్దరు కూర్చోలేరు. స్టాండు వేసి నిలబెట్టండి.

లైఫ్ జాకెట్ల సంగతికొద్దాం. ఊళ్ళో ఎవరో ఒకరు అడుగుతారు, పేపరువాళ్ళు కూడా అడుగుతారు, కాబట్టి నాలుగు కొనండి. తొడిగిస్తే చెమట, వాసన, బకిల్ విరుగుతుంది. వాటిని మడతపెట్టి మెత్తల్లాగా కింద వెయ్యండి. పెద్దవాళ్ళకు నడుంనొప్పి ఉండదు, ఒక్కొక్కరు అర అడుగు ఎత్తుకు లేస్తారు, వెనకున్నవాళ్ళకు కూడా కనిపిస్తుంది. “జాకెట్లు ఉన్నయా?” అంటే ఉన్నాయి. ఎక్కడున్నాయని ఎవరూ అడగరు.

ఇక లోపలికొచ్చిన నీళ్ళు. వస్తాయి. తోడి పొయ్యడానికి డబ్బా పెట్టుకోకండి, చూస్తే జనం భయపడతారు. అడుగున నాలుగు వేళ్ళ నీళ్ళు నిలిస్తే పాదాలకు చల్లగా ఉంటుంది. ఆ నీళ్ళు పుట్టి ఎటు ఒరిగితే అటే పరుగెత్తి, ఒరిగినదాన్ని మరింత ఒరగ్గొడతాయి. కయాక్‌లు చేసేవాళ్ళు దీనికి జడిసి లోపల ముందొక గది, వెనకొక గది నీరు చొరకుండా మూసేస్తారు, కూర్చునే తొట్టికి నడుము చుట్టూ గుడ్డ బిగిస్తారు. ఇంత పిరికితనం పెట్టుకుని సముద్రంలోకి ఎందుకు పోవాలో!

ఈలోగా ఎవరో ఒక తల్లి అడగనే అడుగుతుంది.

“తమ్మీ, జర ఒకదిక్కు వంగుతున్నదే?”

“ఏం గాదక్కా, నిమ్మలంగ కూసో.”

“కూసుందమంటే జాగ లేదు గదా!”

“అయితే నిమ్మలంగ నిలబడు.”

5. గాలిని కూలీగా పెట్టుకోండి

వానాకాలం గాలి పడమటి నుంచి వస్తుంది. నది కూడా పడమటి నుంచే వస్తుంది. ఆనకట్ట తూర్పున ఉంది. ఇంతకన్నా అనువైన ఏర్పాటు భగవంతుడు కూడా చెయ్యలేడు. తెడ్డు ఒళ్ళో పెట్టుకుని బీడీ ముట్టించండి, గాలీ ప్రవాహమూ కలిసి మిమ్మల్ని గేట్ల దగ్గరికి చేరుస్తాయి. గుండ్రటి పుట్టి నీళ్ళపైన ఎత్తుగా, నీళ్ళలో లోతు లేకుండా తేలుతుంది కాబట్టి గాలికి బాగా దొరుకుతుంది, నీటికి పట్టు చిక్కదు. గేట్ల దగ్గరికి పోయేకొద్దీ లాగుడు పెరుగుతుంది, కాబట్టి చివర్లో వేగం కూడా వస్తుంది. వెనక్కి ఎలా రావాలి అన్న ప్రశ్నకు సమాధానం ఈ వ్యాసం పరిధిలో లేదు.

జనం అలలు చూసి భయపడితే లోతు తక్కువని చెప్పండి. అబద్ధం కూడా కాదు. జూరాలలో 11.94 టీఎంసీలు పడతాయని కట్టారు, ఇప్పుడు లెక్కలో చెప్పేది 9.657. మిగతా చోట ఒండ్రు కూర్చుంది. అడుగు పైకొచ్చిన చోట, గాలికి లేచిన అల పొట్టిగా, నిటారుగా, ఒకదాని వెనక ఒకటి దగ్గరదగ్గరగా వస్తుంది. లోతు నీళ్ళలోని పొడుగాటి అల మీద పడవ ఎక్కి దిగుతుంది. ఈ పొట్టి అలలకు ఎక్కే వ్యవధి ఉండదు, అంచు మీదుగా లోపలికే వస్తాయి. కానీ “నడుంలోతే సార్” అన్న మాటలో ఉన్న ధైర్యం వేరు. నడుంలోతు బురదలో కాలు దిగితే రాదన్న సంగతి కాలు దిగినవాడు చూసుకుంటాడు.

మబ్బు పట్టిన సాయంత్రం గాలి ఒక్కోసారి తిరగబడి ప్రవాహానికి ఎదురొస్తుంది. అప్పుడు అలలు ఇంకా నిక్కి లేస్తాయి. వీడియోలు బ్రహ్మాండంగా వస్తాయి. ఆ వేళకు రేటు పెంచండి.

6. ముసలి పుట్టివాళ్ళను దూరం పెట్టండి

వీళ్ళు వ్యాపారానికి శని. పొద్దున్నే గాలి పడి ఉన్నప్పుడే దాటించేస్తారు. మధ్యాహ్నం గాలి లేచిందంటే పుట్టిని ఒడ్డుకు లాగి బోర్లించి, దాని నీడనే పడుకుంటారు. దాటేటప్పుడు తిన్నగా ఎదురొడ్డుకు పోరు. ముందు ఒడ్డు వెంబడి ఎగువకు లాక్కుంటూ పోయి, అక్కడ నదిలోకి దించుతారు, దాటేలోగా ప్రవాహం ఎంత కిందికి లాగినా చేరవలసిన రేవుకే చేరతారు. అంటే అర్ధగంట పని గంట చేస్తారు.

వాళ్ళకు జ్ఞాపకశక్తి కూడా ఎక్కువ. 2007లో కొల్లాపూర్ దిక్కు కృష్ణలో మునిగి 61 మంది పోయిన సంగతి ఇప్పటికీ నిన్న జరిగినట్టు చెప్తారు. సోమశిల దగ్గర వంతెన కావాలని జనం అప్పటి నుంచి అడిగితే, 2022లో వెయ్యి కోట్ల పైచిలుకుతో తీగల వంతెనకు కేంద్రం ఒప్పుకుంది. మక్తల్ దిక్కు పంచదేవ్‌పహాడ్ నుంచి కురువపురం దత్తక్షేత్రానికి పోయే రేవులో, 2020 ఆగస్టు వరదలో పుట్టి తిరగబడిన సంగతి కూడా తీస్తారు. గిరాకీ ముందు ఇవన్నీ మాట్లాడే మనుషుల్ని రేవులో ఉంచుకోకూడదు. ఒక టీ ఇప్పించి హోటల్ వైపు పంపండి. నిజానికి వాళ్ళలో ఒకణ్ణి పక్కన కూర్చోబెట్టుకుంటే ఈ వ్యాసంలో ఒక్క చిట్కా కూడా పనిచెయ్యదు. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

7. కయాకే కావాలని పట్టుబడితే

హైదరాబాద్ నుంచి వచ్చిన పిల్లలు పుట్టిని చూసి మొహం చిట్లిస్తారు. వాళ్ళకోసం సెకండ్‌హ్యాండ్ కయాక్ ఒకటి తెచ్చి పెట్టండి. ఏ రకమన్నది రంగును బట్టి ఎంచండి.

అడుగు ముందూ వెనకా బాగా పైకి వంగి ఉన్నదైతే అలల్లో చటుక్కున తిరుగుతుంది, తిన్నగా పొమ్మంటే పోదు. దాన్ని ఎదురొడ్డు దాకా పోతామన్నవాళ్ళకు ఇవ్వండి. వంపు లేకుండా కర్రలాగా తిన్నగా ఉన్నదైతే చక్కగా గీత గీసినట్టు పోతుంది, అలల మధ్య తిప్పాలంటే మొండికేస్తుంది. దాన్ని గేట్ల దగ్గర తిరిగి వచ్చేస్తామన్నవాళ్ళకు ఇవ్వండి.

సామాను మొత్తం ముక్కులో కుక్కండి. నడుస్తున్న కయాక్ ముక్కును ముందున్న నీరు అదిమి పట్టుకుంటుంది, తోక వదులుగా ఉంటుంది, పక్కగాలికి తోక కొట్టుకుపోయి ముక్కు గాలివైపు తిరుగుతుంది. ముక్కులో బరువుంటే ఈ తిరుగుడు ఇంకా బాగుంటుంది. దీన్ని ఆపడానికే తోక కింద స్కెగ్ అని ఒక రెక్క పెడతారు. అవసరమైనప్పుడు కిందికి దింపుతారు. అది ఇసుకలో ఇరుక్కుని విరిగిందనుకోండి, అతికించకండి. పడమటికి ముక్కు తిప్పుకుని వాళ్ళు ఒకపక్కే తెడ్డు వేసి వేసి అలిసిపోతుంటే ఒడ్డు నుంచి “అట్లనే, అట్లనే!” అని అరవండి. అదనపు గంటకు అదనపు కిరాయి.

8. సాకులు ముందే రాసి పెట్టుకోండి

అనుభవం లేనివాళ్ళు చేసే పొరపాటు ఏమిటంటే, ముందు పుట్టి ముంచి తర్వాత సాకు వెతుకుతారు. ఆ కంగారులో నిజం బయటపడే ప్రమాదం ఉంది. అందుకని సీజన్ మొదట్లోనే వరస తయారు చెయ్యండి. మొదటిది, గాలి: ఎవరూ అరెస్టు చెయ్యలేరు. రెండోది, ప్రయాణికులు: కదలొద్దన్నా కదిలారు. మూడోది, ఎగువన కర్ణాటక: చెప్పకుండా నీళ్ళు వదిలారు. ఇది ఏ ఏడాదైనా నలుగురు నమ్ముతారు. నాలుగోది, గంగమ్మ: ఈసారి ఒడిబియ్యం సరిగ్గా పొయ్యలేదు. అడుగు ఆకారం, అంచు ఎత్తు, బరువు, తారు పూత, ఈ నాలుగు మాటలూ ఎక్కడా రాకుండా చూసుకోండి. వాటికి కొలతలుంటాయి, కొలిచేవాడు వస్తే లేనిపోని గొడవ.

ఫోన్‌పే డబ్బులు బావమరిది ఖాతాలో పడేలా పెట్టండి. పుట్టి మీద పేరు రాయించకండి. రంగు వెయ్యకండి, అన్నిటిలాగే నల్లగా ఉండాలి. ఎస్సై వచ్చి “పుట్టి నీదేనా?” అని అడిగితే తడబడకుండా, ఒడ్డున బోర్లించి ఉన్నవాటన్నిటినీ ఒక్కసారి కలయజూసి, “ఏ పుట్టి సార్?” అనండి.